ఇటలీలో కాపురం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

బెంగళూరులోని తెలుగు కుటుంబాల నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో ఈమధ్య ఇటలీ పేరు తరచుగా కనిపిస్తోంది. భార్యాభర్తల్లో ఒకరికి టురిన్‌లోనో మిలాన్‌లోనో ఉద్యోగం రావడం, రెండోవారు తోడుగా బయలుదేరడం దాదాపు అన్ని ఉత్తరాల్లోనూ ఉన్న సందర్భం. మావారి ఉద్యోగరీత్యా మేమిద్దరం కొన్నేళ్ళు టురిన్‌లో కాపురముండి తిరిగి వచ్చిన వాళ్ళం కనుక, ఆ ప్రశ్నలను ఒకచోట చేర్చి ఈ సంచికలో జవాబులు రాస్తున్నాను. రుసుములూ నిబంధనలూ మారుతూ ఉంటాయి. బయలుదేరే ముందు బెంగళూరులోని ఇటలీ కాన్సులేట్ ఇచ్చే సమాచారంతో ఒకసారి సరిచూసుకోవాలని మనవి.

ప్రశ్న: మావారికి టురిన్‌లో ఒక వాహన పరిశ్రమలో ఉద్యోగం వచ్చింది. నేను ఇక్కడ బ్యాంకు ఉద్యోగం వదిలి కుటుంబ వీసాపై వెళ్ళబోతున్నాను. పత్రాల విషయంలో ఇక్కడే పూర్తి చేసుకోవలసినవి ఏమిటి? అక్కడ దిగాక మొదట ఏం చేయాలి?
ఒక పాఠకురాలు, మారతహళ్ళి

జవాబు: ఇక్కడ చూసుకోవలసిన వాటిలో మొదటిది వివాహ ధ్రువపత్రం. దానికి మన విదేశాంగ మంత్రిత్వ శాఖ అపోస్టిల్, అంటే పత్రం విదేశాల్లో చెల్లేలా ధ్రువీకరించే ముద్ర, వేయించి, ఇటాలియన్‌లోకి అధికారికంగా అనువాదం చేయించి పెట్టుకోవాలి. భారతదేశం 2005లో అపోస్టిల్ ఒప్పందంలో చేరింది కనుక ఈ పని మునుపటంత కష్టం కాదు. మన తెలుగువాళ్ళకు అసలు చిక్కు పేర్ల దగ్గర వస్తుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండటం, పాస్‌పోర్టులో దాన్ని పూర్తిగా విడదీసి రాయడం, పెళ్ళి ధ్రువపత్రంలో అత్తవారి ఇంటిపేరు చేరడం మన ఇళ్ళలో మామూలే. ఇటలీలో స్త్రీలు పెళ్ళయ్యాక కూడా అధికార పత్రాలన్నిటిలో పుట్టింటి పేరుతోనే కొనసాగుతారు. అందువల్ల ఒకే మనిషి రెండు ఇంటిపేర్లతో కనిపించినప్పుడు, ఇద్దరూ ఒకరేనని అక్కడి గుమాస్తాకు నిరూపించడం చాలా శ్రమ. పాస్‌పోర్టులో ఉన్న పేరే, అదే వరుసలో, అదే స్పెల్లింగుతో అన్నిటిలోనూ ఉండేలా బెంగళూరులో ఉండగానే సరిచేయించుకోండి.

అక్కడ దిగిన 8 పనిదినాల్లోపు నివాస అనుమతి కోసం ప్రయత్నం మొదలుపెట్టాలి. దాన్ని పెర్మెస్సో ది సొజ్జోర్నో అంటారు. కుటుంబ వీసాపై వచ్చినవారు ముందు జిల్లా ప్రభుత్వ కార్యాలయమైన ప్రిఫెత్తూరాలోని వలస వ్యవహారాల విభాగానికి వెళ్ళి, ఆ తరువాత పోస్టాఫీసులో దరఖాస్తు కవరు దాఖలు చేస్తారు. దానికి కావలసిన 16 యూరోల రెవెన్యూ స్టాంపు కోసం వీధిలో తెల్లని 'టి' అక్షరం బోర్డు ఉన్న పొగాకు దుకాణానికి వెళ్ళాలి. బస్సు టికెట్లు కూడా అక్కడే అమ్ముతారు. పోస్టాఫీసువారు ఇచ్చే రసీదులోనే పోలీసు కార్యాలయమైన క్వెస్తూరాలో వేలిముద్రలు ఇవ్వవలసిన తేదీ ఉంటుంది. కార్డు చేతికి రావడానికి నెలలు పట్టవచ్చు కనుక ఈ రసీదును పాస్‌పోర్టుతో సమానంగా భద్రపరచండి. ఒక జాగ్రత్త తప్పనిసరి. వచ్చిన వీసా గడువు తీరిపోయి చేతిలో రసీదు మాత్రమే ఉన్న కాలంలో ఇండియాకు రావలసివస్తే, ఫ్రాంక్‌ఫర్ట్, పారిస్ వంటి షెంజెన్ (ఐరోపాలో ఒకే వీసాతో తిరగగలిగే దేశాల కూటమి) విమానాశ్రయాల మీదుగా ప్రయాణం పెట్టుకోకూడదు. ఇటలీ నుంచే షెంజెన్ దాటాలి, ఇటలీలోనే మళ్ళీ అడుగుపెట్టాలి. అందుకని చాలామంది దోహా, దుబాయ్ మీదుగా వస్తారు.

రెండోది కోదిచె ఫిస్కాలె అనే పన్ను గుర్తింపు సంఖ్య. అక్షరాలూ అంకెలూ కలిసి 16 ఉంటాయి. ఇంటిపేరులోని హల్లులు, పేరులోని హల్లులు, పుట్టిన సంవత్సరం, నెల, తేదీ, పుట్టిన చోటు, వీటన్నిటినీ కలిపి ఆ సంఖ్య తయారవుతుంది. భారతదేశంలో పుట్టినవారందరికీ అందులో జెడ్ 222 అన్న భాగం ఉంటుంది. స్త్రీలకు పుట్టిన తేదీకి 40 కలుపుతారు కనుక 7వ తేదీన పుట్టిన అమ్మాయికి 47 అని వస్తుంది. ఇది లేకుండా అద్దె ఒప్పందం, ఫోను సిమ్ము, బ్యాంకు ఖాతా ఏదీ ముందుకు సాగదు.

మీ ఉత్తరంలో ఒక మాట నన్ను ఆలోచింపజేసింది. 'ఆయన పత్రాలన్నీ కంపెనీ చూసుకుంటుంది, నావి తరువాత చూసుకోవచ్చు' అని రాశారు. దయచేసి అలా చేయకండి. ఉద్యోగానికి వెళ్ళేవారికి మొదటిరోజు నుంచే ఒక కార్యాలయం, ఒక హోదా, పలకరించే మనుషులు ఉంటారు. తోడుగా వెళ్ళేవారు ఇవన్నీ స్వయంగా కూర్చుకోవాలి. అందుకని పన్ను సంఖ్య, బ్యాంకు ఖాతా, బస్సు పాసు, గ్రంథాలయ కార్డు అన్నీ మీ పేరు మీద మొదటి నెలల్లోనే తీసుకోండి. అద్దె ఒప్పందంలో ఇద్దరి పేర్లూ రాయించండి. కుటుంబ కారణాలపై ఇచ్చే నివాస అనుమతితో ఉద్యోగం చేసే హక్కు కూడా మీకుంటుంది. మీ బ్యాంకు అనుభవ పత్రాలను కూడా అనువాదం చేయించి వెంట తీసుకువెళ్ళండి.

ప్రశ్న: ఇల్లు దొరకడం కష్టమా? మిక్సీ, గ్రైండరు, కుక్కరు తీసుకువెళ్ళాలా?
వైట్‌ఫీల్డ్ నుంచి ఒక దంపతులు

జవాబు: బెంగళూరులో పది నెలల అద్దె అడ్వాన్సు ఇచ్చి అలవాటుపడిన మనకు అక్కడి నిబంధన ఊరటనిస్తుంది. ఇంటి యజమాని తీసుకునే డిపాజిట్ మూడు నెలల అద్దెకు మించకూడదని చట్టం. కానీ విదేశీయులకు ఇల్లు ఇవ్వడానికి వెనుకాడే యజమానులు ఉన్నారు. శాశ్వత ఉద్యోగ ఒప్పందమూ జీతం చీటీలూ చూపితే మాట కుదురుతుంది. మామూలు ఒప్పందం నాలుగేళ్ళకు, ఆపైన మరో నాలుగేళ్ళకు ఉంటుంది. 18 నెలలకు మించని తాత్కాలిక ఒప్పందాలూ ఉన్నాయి. ఏదైనా సరే, పన్ను కార్యాలయంలో నమోదు కావాలని పట్టుబట్టండి. నమోదు కాని ఒప్పందంతో మునిసిపాలిటీలో నివాసం నమోదు చేయించుకోవడం కష్టమవుతుంది, ఆ నమోదు లేకపోతే తరువాతి పనులన్నీ ఆగుతాయి. ఫర్నిచరు లేని ఇల్లంటే చాలాచోట్ల వంటగట్టు, సింకు, పొయ్యి కూడా లేని ఖాళీ గది అని గుర్తుపెట్టుకోండి. అద్దెతో పాటు మెట్లు, లిఫ్టు, వేడినీళ్ళ గొట్టాల నిర్వహణకు నెలనెలా కట్టే మొత్తం ఎంతో ముందే అడగాలి.

కరెంటు 230 వోల్టులే కనుక మన మిక్సీ, టేబుల్‌టాప్ గ్రైండరు పనిచేస్తాయి, ప్లగ్గు మాత్రం సరిపడదు. అక్కడి మూడు పిన్నులు ఒకే వరుసలో ఉంటాయి, అడాప్టరు కావాలి. ఇళ్ళకు సాధారణంగా 3 కిలోవాట్ల కనెక్షను ఇస్తారు. వాషింగ్ మిషను తిరుగుతుండగా ఓవెన్ వేసి, పక్కనే గ్రైండరు కూడా పెడితే ఇల్లంతా చీకటైపోతుంది. మీటరు కింద సెల్లారులో ఉంటే అక్కడిదాకా దిగి స్విచ్చు వేసి రావాలి. పప్పు రుబ్బే వేళ మిగతావి ఆపడం అలవాటు చేసుకుంటే చాలు. కుక్కరు తీసుకువెళ్ళండి, కానీ కొత్త ఇళ్ళలో ఇండక్షన్ పొయ్యి ఉంటుంది కనుక అడుగు దానికి సరిపడేది కొనండి. టురిన్, మిలాన్ ప్రాంతంలో మామూలుగా అక్టోబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా, రోజుకు 14 గంటలకు మించకుండా, రేడియేటర్లు నడపనిస్తారు. ఆ నెలల్లో ఇడ్లీపిండి గిన్నెను రాత్రి రేడియేటరు పక్కన పెడితే తెల్లవారేసరికి చక్కగా పొంగుతుంది. చిక్కంతా ఏప్రిల్ చివరి వారాల చలితోనే.

ప్రశ్న: మేము పూర్తి శాకాహారులం. గుడ్డు కూడా తినం. ఇటలీలో జున్ను, పాస్తాలతో గడిచిపోతుందని అందరూ అంటున్నారు. నిజమేనా?
ఒక పాఠకురాలు, జయనగర్

జవాబు: గడుస్తుంది, బాగానే గడుస్తుంది, కాకపోతే శాకాహారమని వారు చెప్పేదీ మనం అనుకునేదీ ఒకటి కావు. పార్మిజానో రెజ్జానో జున్నును దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్‌తోనే విరగ్గొట్టాలని దాని తయారీ నియమం. తులసి పచ్చడివంటి పెస్తోలో ఈ జున్ను కలుస్తుంది. రిజొత్తో అనే అన్నపు వంటకానికి వాడే చారు చాలాచోట్ల మాంసపు ఎముకలతో కాచినది. టురిన్ ప్రాంతంలో ఎంతో ప్రీతిగా కూరగాయలు ముంచుకు తినే బాఞా కావుదాలో వెల్లుల్లితో పాటు ఆంచొవీ చేపలు ఉంటాయి. తాజా పాస్తా గుడ్డుతో పిసికినది, మిఠాయిల్లో చూస్తే తిరమిసులో పచ్చి గుడ్డు, పన్నాకొత్తాలో జంతువుల నుంచి తీసే జెలటిన్. కొన్ని రకాల రొట్టెల్లో పందికొవ్వు కలుపుతారు. అడిగితే దాపరికం లేకుండా చెబుతారు. 'మాంసం లేదు కదా' అని మాత్రమే అడిగితే లేదనే అంటారు. చేప, చారు, కొవ్వు అని విడివిడిగా పేరు పెట్టి అడగాలి.

నిశ్చింతగా తినదగినవి తక్కువేం కాదు. ఎండు పాస్తా గోధుమరవ్వ, నీళ్ళతోనే చేసినది. మరినారా పిజ్జాలో టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, ఆలివ్ నూనె తప్ప మరేమీ లేవు. లిగూరియా తీరపు ఫరినాతా శనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె కలిపి పెద్ద రాగి పళ్ళెంలో పోసి పొయ్యిలో కాల్చినది, మన నాలుకకు పరాయిదనిపించదు. పలెర్మోలో శనగపిండితోనే పనెల్లె వేయించి రొట్టె మధ్య పెట్టి ఇస్తారు. వంకాయ, గుమ్మడి పువ్వు, పెద్ద చిక్కుడు, సొరకాయ వంటి త్రొంబెత్తా, ఇవన్నీ సంతలో దొరుకుతాయి. టురిన్‌లోని పోర్తా పలాత్సో ఐరోపాలోని అతి పెద్ద ఆరుబయలు సంతల్లో ఒకటి. రోమ్‌లో విత్తోరియో కూడలి దగ్గరి మార్కెట్‌కు వెళ్తే బంగ్లాదేశీ, భారతీయ దుకాణాల్లో బెండకాయలు, పచ్చిమిర్చి, చింతపండు, కందిపప్పు ఉంటాయి.

బియ్యం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఐరోపా సమాఖ్యలో వరి అత్యధికంగా పండించే దేశం ఇటలీయేనని మనవాళ్ళలో చాలామందికి తెలియదు. టురిన్ నుంచి మిలాన్‌కు మామూలు రైల్లో వెళ్తే వెర్చెల్లి, నొవారా పట్టణాల చుట్టూ రెండు వైపులా వరి మళ్ళే. మే నెలలో నీళ్ళు పెట్టిన మడులలో వెనుకనున్న ఆల్ప్స్ మంచుకొండలు ప్రతిబింబిస్తాయి, గట్ల మీద కొంగలు నిలబడి ఉంటాయి. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయితే, పో నది నీటిని ఈ పొలాలకు మళ్ళించిన కవూర్ కాలువ 1866లో పూర్తయింది. గోదావరి జిల్లాల వారు ఆ రైలు ప్రయాణం తప్పక చేయాలని నా కోరిక. అక్కడ పండే కర్నరోలి, అర్బోరియో బియ్యం మెతుకు లావు, జిగురు ఎక్కువ. పప్పన్నానికి నప్పవు కానీ దద్దోజనానికీ చక్కెర పొంగలికీ బాగుంటాయి. రోజూ అన్నానికి భారతీయ దుకాణాల సన్నబియ్యమే తెచ్చుకోవాలి.

ప్రశ్న: మావారు ఉదయం వెళ్తే రాత్రికి వస్తారు. మిలాన్‌లో ఉంటున్నాం, నా ఉద్యోగం వదిలి వచ్చి నాలుగు నెలలైంది. మాట్లాడే మనిషి లేక దిగులుగా ఉంటోంది. మా అమ్మవాళ్ళు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఉంటారు, రోజూ వారితో ఫోనులో మాట్లాడటమే నా పని. తిరిగి వచ్చేయాలనిపిస్తోంది.
ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ దిగులు అసహజమైనది కాదు, మీ లోపం అంతకన్నా కాదు. ఊరు మారినవారికన్నా పని పోయినవారికి ఎక్కువ కలిగే బాధ ఇది. మీకు రెండూ ఒకేసారి జరిగాయి. ముందు మీవారితో ఈ సంగతి విడమరిచి చెప్పండి. ఆయన అలసి వచ్చారని మీరు దాచుకుంటే, మీరు సర్దుకుపోయారని ఆయన అనుకుంటారు.

ఆ తరువాత భాష. ఇంగ్లీషుతో గడుస్తుందన్నది ఆఫీసు లోపలి మాట. రొట్టెల దుకాణంలో, డాక్టరు దగ్గర, పక్కింటి ముసలమ్మతో ఇంగ్లీషు గడవదు. పెద్దల విద్య కోసం ప్రభుత్వం నడిపే చీపియా అనే కేంద్రాల్లో విదేశీయులకు ఇటాలియన్ దాదాపు ఖర్చు లేకుండా నేర్పుతారు. అసలు ఇది చట్టం కోరే పని కూడా. 2012 నుంచి అమలులో ఉన్న సమైక్యతా ఒప్పందం ప్రకారం కొత్తగా వచ్చినవారు 16 పాయింట్లతో మొదలై రెండేళ్ళలో 30కి చేరాలి. భాష వస్తే ఆ పాయింట్లలో పెద్దభాగం వచ్చినట్టే. క్లాసు వల్ల కలిగే అసలు మేలు ఇంకొకటి. మీలాగే ఊరు వదిలి వచ్చిన పెరూ, మొరాకో, ఉక్రెయిన్, ఫిలిప్పీన్స్ ఆడవాళ్ళు అక్కడ కలుస్తారు. తప్పులతోనే ఒకరితో ఒకరు ఇటాలియన్‌లో మాట్లాడుకోవలసి వస్తుంది కనుక సంకోచం తొందరగా పోతుంది. నాకు అక్కడ మిగిలిన స్నేహాలన్నీ అలాంటి బల్లల మీద మొదలైనవే.

టురిన్‌లో 'కాసె దెల్ క్వార్తియేరె' అని పేటకొక ఇల్లు లాంటి ఏర్పాటు ఉంది. శాన్ సల్వారియో పేటలో ఒకప్పటి ప్రజా స్నానశాలను అలా మార్చారు. కుట్టు, యోగా, భాషా తరగతులు, వంటల కూడికలు జరుగుతాయి. మీ పేటలో అలాంటిది ఏముందో మునిసిపల్ గ్రంథాలయంలో అడగండి. గ్రంథాలయ సభ్యత్వం ఉచితం. రోజూ ఒకే కాఫీ బారుకు, ఒకే వేళకు వెళ్ళండి. నిలబడి తాగే కాఫీ చౌక, బల్ల దగ్గర కూర్చుంటే ధర పెరుగుతుంది, కనుక అందరూ కౌంటరు దగ్గరే పలకరించుకుంటారు. వారం తిరిగేసరికి మీకేం కావాలో అడగకుండానే ఇస్తారు, నెల తిరిగేసరికి మీరు రాని రోజున ఏమైందని అడుగుతారు. అమ్మతో ఫోను మానమని నేను అనను. దాన్ని సాయంత్రానికి మార్చి, ఉదయాన్ని మాత్రం ఇంటి బయట గడపండి. ఆరు నెలలు ఇలా చేశాక కూడా రావాలనే అనిపిస్తే రండి, అందులో ఓటమి ఏమీ లేదు.

ప్రశ్న: అక్కడ వైద్యం ఖర్చు ఎంత?
ఒక పాఠకుడు, యలహంక

జవాబు: 1978లో ఏర్పడిన జాతీయ ఆరోగ్య సేవలో ఉద్యోగులూ వారి కుటుంబ సభ్యులూ నమోదు కావచ్చు; నివాస అనుమతి రసీదుతోనే నమోదు చేస్తారు. మీరు ఎంచుకున్న కుటుంబ వైద్యుడి దగ్గరికి వెళ్ళడానికి డబ్బు కట్టనక్కర్లేదు. స్పెషలిస్టుకూ పరీక్షలకూ కొద్దిపాటి 'తికెత్' రుసుము ఉంటుంది, కానీ నిరీక్షణ ఎక్కువ. అత్యవసరానికి 112. ప్రిస్క్రిప్షను లేకుండా యాంటీబయాటిక్ ఇవ్వరు. రోజూ వాడే మందులుంటే వాటి రసాయన నామంతో డాక్టరు చీటీ తీసుకువెళ్ళండి.

ప్రశ్న: శని, ఆదివారాలే సెలవు. రోమ్, వెనిస్, ఫ్లారెన్స్ చూసేశాం. ఖర్చు ఎక్కువ కాకుండా ఇటలీని ఎలా చూడాలి?
కె.ఆర్.పురం నుంచి టురిన్ వెళ్ళిన దంపతులు

జవాబు: చాలా సంతోషం కలిగించిన ప్రశ్న ఇది. ఆ మూడు ఊళ్ళు చూసి 'అయిపోయింది' అనుకునేవారే ఎక్కువ. మీరు ఉంటున్న ఊరి నుంచే మొదలుపెట్టండి. టురిన్ 1861 నుంచి 1865 దాకా ఏకీకృత ఇటలీకి మొదటి రాజధాని. 1824లో స్థాపించిన ఈజిప్టు మ్యూజియం ఒక్కదానికే రెండు ఆదివారాలు చాలవు. అక్కడి మ్యూజియాలకు ఏడాది పొడవునా పనికివచ్చే పాసు ఉంది. దాన్ని కొంటే ఒక గంట చూసి వచ్చేసినా డబ్బు వృథా అయిందన్న బెంగ ఉండదు. మ్యూజియంలో అలసిపోయేదాకా తిరగడం కన్నా రెండు గదులు బాగా చూసి రావడం మేలని నా అభిప్రాయం. ప్రభుత్వ మ్యూజియాలకు ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రవేశం ఉచితం, 2014 నుంచి ఈ పద్ధతి నడుస్తోంది. రద్దీ ఎక్కువ కనుక ఆ రోజున పేరున్న వాటికి కాక చిన్న ఊళ్ళ మ్యూజియాలకు వెళ్ళండి.

రైళ్ళ విషయానికి వస్తే, గంటకు 300 కిలోమీటర్ల ఫ్రెచ్చారోస్సా టికెట్లు ముందుగా కొంటేనే చౌక. ప్రాంతీయ రైలు టికెట్టు ధర దూరాన్ని బట్టి ఉంటుంది, చివరి నిమిషంలో కొన్నా మారదు. కాగితం టికెట్టయితే ఎక్కే ముందు ప్లాట్‌ఫారం మీది యంత్రంలో ముద్ర వేయించాలి, మరిచిపోతే జరిమానా. సమ్మెలు తరచుగా, ఎక్కువగా శుక్రవారాల్లో వస్తాయి. అయినా పనిదినాల్లో ఉదయం 6 నుంచి 9 దాకా, సాయంత్రం 6 నుంచి 9 దాకా ప్రాంతీయ రైళ్ళు కొన్ని నడిచి తీరాలి, దాన్ని బట్టి ప్రయాణం పెట్టుకోవచ్చు. కారు అద్దెకు తీసుకుంటే పాత పట్టణ కేంద్రాల్లోని వాహన నిషేధ ప్రాంతాలను కెమెరాలు కాపలా కాస్తాయని మరువకండి. నెలల తరువాత జరిమానా చీటీ ఇంటికి వస్తుంది.

టురిన్ నుంచి ఒకరోజులో వెళ్ళిరాగలిగినవి: కొండకొమ్మున నిలిచిన సాక్రా ది శాన్ మికేలె మఠం, రోమన్ల కాలపు తోరణమూ నాటకశాలా ఉన్న అవోస్తా, ఓర్తా సరస్సు, జెనోవా. రెండు రోజులుంటే బొలోఞా వెళ్ళండి. శాన్ లూకా గుడి దాకా కొండ మీదికి 666 కమానుల కప్పు కింద నడిచి వెళ్ళవచ్చు, మన తిరుమల మెట్లదారి ఎక్కినవారికి ఆ భక్తుల నడక వెంటనే తెలిసివస్తుంది. అక్కడి నుంచి రావెన్నా దగ్గరే. క్రీ.శ. అయిదు, ఆరో శతాబ్దాల నాటి మొజాయిక్కులు, అంటే రంగు ముక్కలు అతికించి చేసిన చిత్రాలు, ఇప్పటికీ నిన్న అతికించినంత మెరుపుతో ఉన్నాయి. సముద్రతీరంలోని అయిదు ఊళ్ళ చింక్వె తెర్రె వెళ్ళేవారు ఏప్రిల్‌లోనో అక్టోబరులోనో వెళ్ళండి. ఆ ఊళ్ళలో ఒకటైన కోర్నీల్యాలో స్టేషను నుంచి ఊళ్ళోకి 382 మెట్లు ఉన్నాయి.

కొంచెం ఎక్కువ సెలవు దొరికితే దక్షిణానికే వెళ్ళండి. రోమ్ నుంచి సిసిలీ వెళ్ళే రైలు విల్లా శాన్ జొవాన్ని దగ్గర పెట్టెలు విడదీసుకుని, పట్టాలున్న ఓడలోకి ఎక్కి మెస్సీనా జలసంధి దాటుతుంది. ప్రయాణికులు పైడెక్కు మీదికి వెళ్ళి గాలి పీల్చుకుని రావచ్చు. ఫిబ్రవరి 3 నుంచి 5 దాకా కతానియాలో జరిగే సెయింట్ ఆగాతా ఉత్సవంలో తెల్లని అంగీలు తొడిగిన వేలమంది భక్తులు పెద్ద మోకులతో ఆమె వాహనాన్ని వీధుల్లో లాగుతారు.

నేపుల్స్ పురావస్తు మ్యూజియాన్ని మాత్రం మన తెలుగువారెవరూ తప్పించుకోకూడదు. క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిద కింద పూడిపోయిన పాంపేయీలో 1938లో ఒక జానెడు దంతపు బొమ్మ దొరికింది, అది భారతదేశంలో చెక్కినది. 'పాంపేయీ లక్ష్మి' అని పేరు పడినా యక్షిణి కావచ్చునని పండితులు అంటారు. ఆ బొమ్మను అక్కడికి చేర్చిన రోమన్ వర్తకం గుర్తులు మన వైపూ ఉన్నాయి. కృష్ణా తీరంలోనే కాదు, ఇక్కడ బెంగళూరులో యశ్వంతపురంలోనూ హెచ్‌ఏఎల్ ప్రాంతంలోనూ రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. ఆ బొమ్మ ముందు నిలబడినప్పుడు, రెండు వేల ఏళ్ళనాడే మన మనుషులూ వస్తువులూ ఆ దారిన నడిచాయని తెలియడం నాకు ఆ దేశంలో పెద్ద ధైర్యాన్నిచ్చింది.

ప్రశ్న: ఉగాది, వినాయక చవితి ఎలా చేసుకుంటారు? సామాన్లు ఏవి తీసుకువెళ్ళవచ్చు?
ఒక పాఠకురాలు, మల్లేశ్వరం

జవాబు: ఐరోపా సమాఖ్యలోకి బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం ప్రయాణికుల సామానులో తీసుకువెళ్ళకూడదు. నెయ్యి, పాలకోవా, నేతి మిఠాయిలు ఇందులోకే వస్తాయి. కరివేపాకు, తమలపాకు, మామిడికాయలకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి కనుక వాటినీ వదిలేయండి. కొబ్బరికాయ, అరటిపండు, ఖర్జూరాలకు ఆ పత్రం అక్కర్లేదు. ఆవకాయ, గోంగూర పచ్చడి, పొడులు, వడియాలు, పసుపు, కుంకుమలకు అడ్డు లేదు. వేపపువ్వు మాత్రం ఎండబెట్టి పొడి చేసి డబ్బాలో పెట్టుకోండి.

ఇటలీ ప్రభుత్వం 2012 డిసెంబరు చివర చేసిన చట్టం ద్వారా హిందూ మతాన్ని అధికారికంగా గుర్తించింది, దీపావళి పండుగ ప్రస్తావన కూడా అందులో ఉంది. లిగూరియాలో సవోనా దగ్గరి అల్తారె ఊళ్ళో గీతానంద ఆశ్రమం, అమ్మవారి ఆలయం ఉన్నాయి. అక్కడ పూజలు చేసేవారు ఇటాలియన్లే. పో మైదానంలో పాడి పశువుల పనిలో స్థిరపడిన పంజాబీ కుటుంబాలు ఎక్కువ, నొవెల్లారాలోని గురుద్వారాలో మతం అడగకుండా లంగరు భోజనం పెడతారు. వినాయక విగ్రహాన్ని నదిలో కలపడం అక్కడ కుదరదు. పచ్చి మట్టితో చేసుకుని ఇంట్లోనే బకెట్‌లో నిమజ్జనం చేసి, ఆ మట్టిని కుండీలో పోయండి.

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు మిలాన్‌లో ఉంటున్నారు. ఇద్దరం అరవై దాటినవాళ్ళం, రెండు నెలలు వెళ్ళి రావాలనుకుంటున్నాం. ఏ నెలలు మంచివి? ఏ జాగ్రత్తలు కావాలి?
ఒక పాఠకుడు, రాజాజీనగర్

జవాబు: ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మొదటి వారం దాకా, లేదా సెప్టెంబరు నడిమి నుంచి అక్టోబరు చివరి దాకా పెట్టుకోండి. జులై, ఆగస్టుల్లో మిలాన్ ఉక్కపోతగా ఉంటుంది, చాలా ఇళ్ళలో ఏసీ ఉండదు. మన స్వాతంత్ర్య దినమైన ఆగస్టు 15 అక్కడ ఫెర్రగోస్తో పండుగ. ఆ వారాల్లో పేటలోని దుకాణాలు, చాలామంది కుటుంబ వైద్యులు సెలవులో ఉంటారు.

షెంజెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి, మీకు బీపీ, షుగరు ఉంటే పాత జబ్బులకు ఆ పాలసీ వర్తిస్తుందో లేదో చదివి తీసుకోండి. పాత కట్టడాల్లో లిఫ్టు ఉండదు, వీధుల్లో పరిచిన రాళ్ళు ఎగుడుదిగుడుగా ఉంటాయి. కొత్త బూట్లు ఇక్కడే కొని పది రోజులు నడిచి అలవాటు చేసుకోండి. సెయింట్ పీటర్స్ వంటి పెద్ద చర్చిల్లో భుజాలు, మోకాళ్ళు కప్పి ఉండాలి, చీరతో ఏ ఇబ్బందీ లేదు. మిలాన్‌లో లియొనార్దో గీసిన 'చివరి విందు' చిత్రాన్ని చూడటానికి ఒక్కో బృందానికి 15 నిమిషాలే ఇస్తారు, టికెట్లు వారాల ముందే అయిపోతాయి కనుక ప్రయాణం తేదీ ఖాయం కాగానే అమ్మాయిని బుక్ చేయమనండి. కుళాయి నీళ్ళు తాగవచ్చు, సీసా వెంట ఉంచుకోండి.

మీరు దిగిన 48 గంటల్లోపు, తమ ఇంట్లో విదేశీ అతిథులు ఉన్నారని మీ అమ్మాయి, అల్లుడు పోలీసు శాఖకు రాతపూర్వకంగా తెలియజేయాలి. కన్నవాళ్ళయినా ఈ నియమం వర్తిస్తుంది. ఆ పత్రం నకలు ఒకటి తీసుకుని మీ పాస్‌పోర్టులతో పాటు ఉంచుకోండి.